గోడకు వేలాడిన పుస్తకం

మా నిజాంపేటలో మృగశిర కార్తె అందరికంటే ముందు స్టేషనరీ కొట్లలో దిగుతుంది. జూన్ 12న బడులు తెరుస్తారనగా, వారం ముందు నుంచే కొట్టు గుమ్మంలో చార్టు కాగితాల చుట్టలు చెరుకు గడల్లా నిలబడతాయి. మెరుపు షీట్లు, ఫోమ్ షీట్లు, థర్మాకోలు, క్రేపు కాగితం, రెండు వైపులా అంటుకునే టేపు. తెల్లారితే హైటెక్ సిటీ వైపు పరుగెత్తే ఈ ఊళ్ళో సందుకో ప్లేస్కూలు, మలుపుకో ‘ఇంటర్నేషనల్’ బడి ఉన్నాయి కాబట్టి ఆ కొట్లకు బేరానికి లోటు లేదు. కొనేవాళ్ళలో సగం మంది టీచర్లే.

మా కింది ఫ్లాటు అమ్మాయి అలాంటి ఒక బడిలో ఒకటో తరగతికి చెబుతుంది. ఓ సాయంత్రం చార్టుల చుట్ట చంకన పెట్టుకుని వచ్చి, “అంకుల్, మీ రాత గుండ్రంగా ఉంటుంది కదా, తెలుగు నెలలూ వారాలూ రాసి పెట్టరూ? ఎల్లుండికల్లా బోర్డు డెకరేషన్ అయిపోవాలి. ఫొటోలు తీసి పేరెంట్స్ గ్రూపులో పెడతారు,” అంది. ఖర్చు బడిదేనా అమ్మా అని అడిగితే నవ్వి ఊరుకుంది.

చైత్రం, వైశాఖం అని రాస్తూ కూర్చుంటే చిన్న అనుమానం పట్టుకుంది. తరగతి గదిలో గోడకు కాగితం తగిలించాలని అసలు మొదట తోచిందెవరికి? ఎందుకు తోచింది? ఆషాఢం దగ్గర స్కెచ్ పెన్ను పక్కన పెట్టి వెతకడం మొదలెట్టాను. దొరికిన జవాబు నన్ను రెండు రోజులు నవ్విస్తూనే ఉంది. గోడ చార్టును పుట్టించింది పిసినారితనం.

1798లో లండన్‌లో బరో రోడ్డున జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు పేదపిల్లలకు బడి పెట్టాడు. పిల్లలు వందల్లో చేరారు, డబ్బు చేరలేదు. పిల్లాడికో పుస్తకం కొనడం జరిగే పని కాదు. అప్పుడు అతనికి ఒక ఉపాయం తట్టింది. ఒకే ఒక్క పుస్తకం తీసుకుని, మామూలుకంటే మూడింతలు పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే అచ్చు వేయించాడు. పేజీలు విడదీసి అట్టలకు అంటించి, దారం కట్టి గోడమేకులకు తగిలించాడు. ఒక్కో అట్ట ముందు పిల్లలు అర్ధచంద్రాకారంలో నిలబడతారు, వాళ్ళకంటే కాస్త ఎక్కువ చదివినవాడు కర్రతో అక్షరం చూపిస్తాడు, వీళ్ళు చదువుతారు. గుంపు పక్కకు జరుగుతుంది, ఇంకో గుంపు వస్తుంది. ఒక్క అట్ట మీద నుంచి మూడు గంటల్లో 200 మంది పాఠం ఒప్పజెప్పొచ్చని ఆయన లెక్క. 1803లో అచ్చువేసిన తన పుస్తకంలో ఈ సంగతి కోమటి ఖాతా అంత వివరంగా రాసుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆయన బడి వెయ్యిమంది పిల్లలకు పెరిగింది.

అంటే మనం ఫెవికాల్ పూసి, చుట్టూ మెరుపు అంచు కట్టి, మధ్యలో సీతాకోకచిలుకను అతికించే ఆ చార్టు, పుట్టుకతో, గోడకు వేలాడదీసిన పుస్తకం. పిల్లల పుస్తకాల్లో బొమ్మలు అంతకు చాలా ముందే వచ్చాయి. 1658లో కొమేనియస్ బొమ్మల వాచకం తెచ్చి ఐరోపా అంతా తిప్పాడు. అయితే అది ఒడిలో పెట్టుకునే పుస్తకం. నలుగురికీ కలిపి గోడమీద చదువును ఇంత విరివిగా పరిచింది ఈ పేదబడి.

లాంకాస్టర్ బడిలో గది సర్దుబాటు కూడా ఒక వేడుకే. ప్రతి వస్తువుకూ ఒక చోటు, ఆ చోటనే ఆ వస్తువు. అందరి టోపీలకూ అరలు కట్టిస్తే చోటూ పోతుంది, టోపీలూ మారిపోతాయి. అందుకని ఒక్కొక్కడి టోపీకి తాడు కట్టి వాడి వీపుకే వేలాడదీయించాడు. దానికొక ఆజ్ఞ, ఆ ఆజ్ఞకు వందలమంది ఒకేసారి టోపీలు వెనక్కి విసరడం. నిజాంపేట ప్లేస్కూళ్ళలో బ్యాగులకో అర, నీళ్ళసీసాలకో అర, అర మీద పిల్లాడి ఫొటో చూసినప్పుడల్లా నాకు ఆ టోపీలు గుర్తొస్తాయి.

ఇక్కడితో ఆగితే ఇది లండన్ కథ. నన్ను రెండో రోజు కూడా నవ్వించింది దీని వెనకాల ఉన్న సంగతి. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే ఈ పద్ధతికి అప్పట్లో ఉన్న పేరు ‘మద్రాసు పద్ధతి’.

ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు పాదిరీ 1787లో మద్రాసు వచ్చాడు. రెండేళ్ళకు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. జీతగాళ్ళైన ఉపాధ్యాయులు ఆయన మాట వినరు, పిల్లలకు అక్షరాలు రావు. ఒకరోజు గుర్రం మీద పోతూ ఒక ‘మలబారు బడి’ చూశాడు. అప్పటి దొరలకు తమిళులంతా మలబారు వాళ్ళే. ఆ బడిలో పిల్లలు నేలమీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. కాగితం లేదు, సిరా లేదు, తప్పు రాస్తే అరచేత్తో చెరిపేస్తే సరి. బెల్ ఆశ్రమానికి తిరిగొచ్చి చిన్న తరగతికి ఇసుక పోయించమన్నాడు. ఉపాధ్యాయులు కుదరదన్నారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పిలిచి, నువ్వు చెప్పవోయ్ అన్నాడు. ఆ పిల్లాడు చెప్పాడు, మిగతావాళ్ళు నేర్చుకున్నారు.

బెల్ 1796లో తిరిగి వెళ్ళిపోయి, మరుసటి ఏడు ఆ ప్రయోగం గురించి చిన్న పుస్తకం వేశాడు. 1798లో లండన్‌లో ఆల్డ్‌గేట్ దగ్గరి ఒక చర్చి బడి దాన్ని మొదట అందిపుచ్చుకుంది. లాంకాస్టర్ కూడా ఆ పుస్తకం చదివి, తన బడిలో చిన్నపిల్లల బల్లల మీద ఇసుక పోయించాడు. తర్వాత ఇద్దరికీ పడలేదు. బెల్ చర్చి మనిషి, లాంకాస్టర్ ఆ చర్చిని ఒప్పుకోని క్వేకరు శాఖవాడు. ఈ పద్ధతి నాదంటే నాదని వాళ్ళ అనుచరులు కొట్టుకున్నారు, కవులు కూడా పక్షాలు చీలారు. కోల్‌రిడ్జ్, సౌథీ ఇద్దరూ బెల్ వైపు. పద్ధతి మాది అనాల్సిన మద్రాసు పంతులు ఆ సమయానికి ఏ అరుగు మీద కూర్చుని ఎవరికి ఎక్కాలు చెప్పుకుంటున్నాడో! 1832లో బెల్ పోతే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఆయన డబ్బుతో ఆయన పుట్టిన సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో కట్టిన హైస్కూలు ఈనాటికీ ఉంది. దాని పేరు మద్రాస్ కాలేజీ. ఇడ్లీ మొహం ఎరగని స్కాట్లాండు పిల్లలు మద్రాస్‌లో చదువుకుంటున్నామని చెప్పుకుంటారు.

సరే, బెల్ చూసింది తమిళ బడి. మన తెలుగు బడి ఎలా ఉండేది? దీనికి సాక్ష్యం చెప్పడానికి ఒక మంచి మనిషి దొరికాడు, నేను ఆయన దగ్గరే వారం రోజులు కూర్చుండిపోయాను. పాఠకులూ కాసేపు కూర్చోక తప్పదు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మన జిల్లాల్లో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, లెక్క పంపండని కలెక్టర్లందరికీ రాశాడు. చాలామంది పట్టికలు నింపి పంపి చేతులు దులుపుకున్నారు. బళ్ళారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టు 17న ఒక చిన్న పుస్తకమంత జవాబు రాశాడు. ఈయన తెలుగువాళ్ళకు పరాయివాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు వేసినవాడు. దక్షిణాది భాషలన్నీ ఒక తల్లి బిడ్డలని ఎల్లిస్ అనే దొర రాసిన ప్రసిద్ధమైన మాట అచ్చయింది ఈయన వ్యాకరణం పీఠికలోనే. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం కూడా కలిసే ఉండేది, 1882లో విడిపోయింది. ఆ జిల్లాలో కాంప్‌బెల్ లెక్కపెట్టిన బడులు 533. అందులో కన్నడం 235, తెలుగు 226. చదివే పిల్లలు 6,641 మంది. ఆడపిల్లలు 60 మంది. ఈ చివరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్దాం, లేకపోతే పాతదంతా బంగారమే అనిపిస్తుంది.

కాంప్‌బెల్ రాసిన ప్రకారం బడి పొద్దున ఆరింటికి మొదలు. ముందుగా వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. అది గౌరవం. రెండో వాడి అరచేతిలో సున్నా చుడతారు, అంటే నీకు మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి మెత్తగా ఒక దెబ్బ. నాలుగో వాడికి రెండు. ఆపైన వచ్చే ప్రతివాడికీ ఒక్కోటి పెరుగుతూ పోతుంది. నలభై మందున్న బడిలో చివరివాడి గతి ఏమిటో కలెక్టరు రాయలేదు గానీ, నేను లెక్క వేసి ఆ పిల్లాడి కోసం బాధపడ్డాను. ఇప్పుడు తరగతి గుమ్మం దగ్గర ‘స్టార్ ఆఫ్ ది డే’ అని చార్టు కడుతున్నాం కదా. అప్పటి చార్టు పిల్లాడి అరచెయ్యే.

ఆ బడికి గది ఉండాలన్న నియమం లేదు. పంతులుగారి ఇంటి అరుగో, ఊరి చావడో, చెట్టు నీడో. అందుకే మనవాళ్ళు వీధిబడి అన్నారు, ఇంగ్లీషువాళ్ళు అరుగు పేరుతో పయల్ స్కూలు అన్నారు. గోడ ఒకవైపే ఉంటుంది, రెండోవైపు వీధి. వీధిలో పోయే ఎద్దుబండి, గంగిరెద్దు, పెళ్ళి ఊరేగింపు, ఇవన్నీ చార్టుల కింద లెక్కేసుకోవాలి.

పిల్లాడు మొదట ఇసుకలో వేలితో రాస్తాడు. చేయి తిరిగాక తాటాకు, గంటం. వీటికి మధ్యలో ఇంకో రెండు పనిముట్లున్నాయి, అవి చదివినప్పుడు కుర్చీలోంచి లేచాను. ఒకటి, అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క. నున్నగా చిత్రిక పట్టి, దానిమీద అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తారు. ఆరితే నల్లటి పలక. రెండోది గుడ్డ. గంజి పెట్టి బిరుసెక్కించి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురూ కలిపి పూస్తారు. ఇదే మన కడితం. షావుకార్లు లెక్కలు రాసుకునే కడితమూ ఇదే. రెండింటి మీదా బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేస్తారు. నల్లబల్లను కనిపెట్టిన ఖ్యాతిని చాలా పుస్తకాలు ఎడింబరో హైస్కూలు పంతులు జేమ్స్ పిలన్స్‌కు ఇస్తాయి. ఆయన అక్కడ పనిచేసింది 1810 నుంచి 1820 దాకా. ఆయన బల్ల గోడకు ఎక్కింది, మనది ఒళ్ళోనే ఉండిపోయింది. అంతే తేడా. దీనికి మనం కేసు వేయనక్కర్లేదు గానీ, తెలిసి ఉంటే మంచిది.

ఇసుకలో రాయించే చవకదనాన్నీ, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే తీరునూ కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం న్యాయమే అన్నాడు. అంతటితో ఆగకుండా తప్పులూ చెప్పాడు. పిల్లలు వల్లెవేసే పద్యాలకు అర్థం పిల్లలకూ తెలియదు, పంతుళ్ళలో చాలామందికీ తెలియదని రాశాడు. సోమరి పిల్లలను రెండు చేతులూ కట్టి ఇంటి దూలానికి వేలాడదీస్తారనీ, గుంజీళ్ళు తీయిస్తారనీ రాశాడు. ఆ వేలాడదీయడం పేరే కోదండం. మా తాతగారి తరం దాకా వీధిబడి దూలానికి ఆ తాడు వేలాడుతూనే ఉండేది. తెలుగు తరగతి గదికి పైకప్పు అలంకారం అంటే అదొక్కటే. పోనీ, లండన్‌లో ఎలా ఉందని చూస్తే, లాంకాస్టర్ అల్లరి పిల్లాణ్ణి గంపలో కూర్చోబెట్టి కప్పుకు వేలాడదీసి, కింద ఉన్నవాళ్ళ చేత పంజరంలో పిట్ట అని నవ్వించేవాడు. బెత్తం వద్దన్న దయామయుడు ఆయన. ఇసుక, పెద్దపిల్లలు, కప్పుకు వేలాడే కుర్రాడు. ఎగ్మూరు ఓడలో ఏమేం ఎక్కాయో, అక్కడ సొంతంగా ఏం మొలిచాయో గానీ, పోలిక మాత్రం ముచ్చటేస్తుంది.

ఇంకొక్క సంగతి చెప్పి కాంప్‌బెల్‌ను వదిలేస్తాను. అయిదో ఏట పిల్లాణ్ణి బడిలో వేసేటప్పుడు, పంతులుగారూ బడిపిల్లలందరూ కలిసి ఆ పిల్లాడి ఇంటికి వచ్చేవారట. గణపతి బొమ్మ చుట్టూ గుండ్రంగా కూర్చుని, కొత్తవాడి వేలు పట్టి బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. బియ్యంలో రాయించడం మనకు మిగిలింది. బాసర వెళ్ళినా, ఇంట్లో చేసినా అదే పళ్ళెం, అవే ఓనమాలు. బడి మొత్తం లేచి కొత్త పిల్లాడి గుమ్మంలోకి రావడం మాత్రం పోయింది. ఇప్పుడు మొదటి రోజు గుమ్మానికి బెలూన్లు కట్టి, కార్టూన్ ఎలుగుబంటి తొడుగు వేసుకున్న మనిషిని నిలబెడుతున్నారు. మూడేళ్ళ పిల్లలు దాన్ని చూసి గుక్కపట్టి ఏడుస్తారు. దారి తెలిసిన నలుగురు పెద్దపిల్లలు ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే ఆ ఏడుపు ఉండేదా?

1826లో మన్రో అన్ని లెక్కలూ కూడి, మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు ఉన్నారని తేల్చాడు. నూరేళ్ళ తర్వాత, 1931లో గాంధీజీ లండన్‌లో ఈ పాత బడులను ఒక అందమైన చెట్టుతో పోల్చారు, వేళ్ళు చూద్దామని మట్టి తవ్వి అలాగే వదిలేశారని దొరలను నిలదీశారు. ధరంపాల్ అనే పరిశోధకుడు 1983లో ఈ నివేదికలన్నీ గుదిగుచ్చి పుస్తకం వేసినప్పుడు ఆ చెట్టునే పేరుగా పెట్టుకున్నాడు.

మన్రో తర్వాతి నూటయాభై ఏళ్ళు నేను గబగబా దాటేస్తాను. దొరల బడులొచ్చాయి, బెంచీలొచ్చాయి, గోడకు దేశపటం ఎక్కింది, దాని పక్కన రాజుగారి పటం ఎక్కింది. నిజాం ఇలాకాలో సర్కారు చదువంతా ఉర్దూ వైపు మొగ్గిన రోజుల్లో తెలుగు అక్షరాన్ని కాపాడింది మన తెలంగాణ పల్లెల ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు వీధిబడే. మార్కాపురం గనుల్లోంచి రాతిపలకలు ఊరూరికీ వచ్చి కడితాన్ని మరిపించాయి. గోడమీదికి నల్లబల్ల వచ్చింది, పాత వంటకమే దానికీ పనికొచ్చింది. దొండాకు పసరు, బొగ్గుపొడి. శనివారం మధ్యాహ్నం ఒకడు దొండపాదు దూస్తాడు, ఒకడు బొగ్గు నూరతాడు, ఇద్దరు రుద్దుతారు. సోమవారం ఆ బోర్డు మీద సుద్దముక్క పడితే అక్షరం మెరిసేది. చేతులు రెండు రోజులు పచ్చగా, మసిగా ఉండేవి. బోర్డు మాదని అనిపించేది. నేను చదివిన బడిలో అంతకంటే అలంకరణ ఏదైనా ఉందంటే, ఆగస్టు 15కు కట్టిన రంగుకాగితం జెండాల తోరణం. అది సంక్రాంతి దాకా ఎండి వెలిసిపోయి వేలాడుతూ ఉండేది. గోడకు ఇంకో వాడకం కూడా ఉండేది, గోడకుర్చీ. అది నాకు బాగా తెలుసు.

ఈలోగా విజయవాడలో కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిస్సోరి బడి పెట్టారు. మాంటిస్సోరి అనగానే చిన్న కుర్చీలు, చిన్న బల్లలు, పిల్లల చేతికందే అరలు. 1907లో రోములో మాంటిస్సోరి తన మొదటి బడి తెరిచినప్పుడు చేసిన అసలు విప్లవం ఆ ఎత్తే. 1939లో ఆవిడ మద్రాసు అడయారు వచ్చారు, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయారు. ఇప్పుడు నిజాంపేటలో ప్లేస్కూళ్ళు చెక్క పళ్ళెంలో ఇసుక పోసి, వేలితో అక్షరం దిద్దించి, ఇది ఫారిన్ పద్ధతండీ అని తల్లిదండ్రులకు చూపిస్తాయి. ఆన్‌లైన్‌లో ఆ పళ్ళెం ధర చూసి నేను కాసేపు కాంప్‌బెల్‌ను తలుచుకున్నాను.

ప్రభుత్వ బడి గోడ మీదికి చార్టులు మూకుమ్మడిగా వచ్చింది 1980లలో. 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలుపెట్టింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, చార్టులు. దేశం నల్లబల్ల కోసం ఒక ‘ఆపరేషన్’ చేయాల్సి వచ్చిందన్న మాట ఎంత బీదదో చూడండి. అదే కాలంలో మన ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచింది. 1980లలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా పాకింది. డబ్బు బ్రిటన్‌ది. ఇసుక పట్టుకెళ్ళినవాళ్ళు నూటతొంభై ఏళ్ళకు వడ్డీ పంపారని నేను సర్దుకున్నాను. టీచర్లకు ఆ ప్రాజెక్టు ఆరు సూత్రాలు నేర్పింది. అయిదు బోధన గురించి, ఆరోది గది గురించి. పిల్లలు చేసిన పనిని ప్రదర్శించి, గదిని చక్కగా సర్ది, తరగతిని ఆసక్తికరంగా ఉంచాలని.

ఈ ఆరో సూత్రంలో ‘పిల్లలు చేసిన పని’ అన్న మూడు మాటలే ప్రాణం. గోడ నుంచి గోడకు దారం కట్టి, పిల్లలు వేసిన బొమ్మలూ, అంటించిన ఆకులూ, రాసిన వంకర అక్షరాలూ బట్టలారేసినట్టు వేలాడదీసేవారు. గదిలోకి రాగానే మా ఊరి చెరువు నేనే గీశాను అని వేలు చూపించే పిల్లలుండేవారు. అయితే ఆరింటిలో కంటికి ఆనేది ఈ ఒక్కటే. తనిఖీకి వచ్చినవాడి కళ్ళు ముందు అటే పోతాయి. ఆ కళ్ళ కోసం తయారైన చార్టు మెల్లమెల్లగా టీచరు చేతికి, తర్వాత పెయింటరు చేతికి, ఇప్పుడు ఫ్లెక్సీ మిషను చేతికి వెళ్ళిపోయింది. తర్వాతి పథకాల్లో టీచరుకు బోధనోపకరణాల కోసం ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు. ఆ ఉపకరణాలతో ‘టీఎల్ఎం మేళాలు’ జరిగాయి. ఆ మేళాల్లో అట్టముక్కతో గడియారం, అగ్గిపుల్లలతో పదులూ ఒకట్లూ చేసి తెచ్చిన టీచర్ల తెలివి చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మేళా అయ్యాక వాటిలో కొన్ని పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. లాంకాస్టర్ అట్టలు అరిగిపోయేదాకా గోడకు ఉండేవి, ఈ అట్టలు కొత్తగానే బీరువాలో ముసలివయ్యాయి.

అందరూ అలా చేయలేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ బడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు గోడకు ఒకే ఒక్క పెద్ద పటం పెట్టారు. దాని పేరు నిచ్చెన. ఏనుగు గుర్తు, కుందేలు గుర్తు లాంటివి మెట్టు మెట్టుకూ ఉంటాయి. పిల్లాడు వచ్చి తన మెట్టు చూసుకుని, అరలోంచి ఆ గుర్తున్న కార్డు తానే తీసుకుని, ఆ గుంపులో పోయి కూర్చుంటాడు. తరగతులు లేవు, గుంపులే. పెద్దవాడు చిన్నవాడికి చెబుతాడు. కాంప్‌బెల్ చూస్తే గుర్తుపట్టేవాడు. అలాగే ‘బాల’ అని ఒక ఆలోచన ఈ శతాబ్దం మొదట్లో ఢిల్లీ నుంచి వచ్చింది. కబీర్ వాజ్‌పేయి అనే ఆర్కిటెక్టుది. కట్టడమే పాఠం కావాలంటాడు. తలుపు తెరుచుకునే చోట నేలమీద కోణాలు గీయి, మెట్ల మీద అంకెలు రాయి, ఫ్యాను రెక్కలకు రంగులు వేస్తే తిరిగినప్పుడు ఏ రంగవుతుందో చూడనీ. మన దగ్గర అది ఎక్కువగా గోడకు రైలు పెట్టె బొమ్మ వేయడం దగ్గర ఆగింది. తలుపు దగ్గర కోణమానిని గీయడానికి పెయింటరు వంగాలి, రైలైతే నిలబడే వేయొచ్చు.

2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం ‘మన ఊరు – మన బడి’ 26,065 బడులకు పన్నెండు రకాల పనులు రాసుకుంది. అందులో రంగులు వేయడం ఒకటి, ఆకుపచ్చ సుద్దబోర్డు ఇంకొకటి. దొండాకుతో రుద్ది రుద్ది నలుపు తెచ్చిన బోర్డు చివరికి ఆకు రంగుకే వచ్చిందని మా కింది ఫ్లాటు అమ్మాయితో అంటే, ఆ అమ్మాయికి దొండాకు బోర్డుకెందుకో అర్థం కాలేదు. వాళ్ళ గదిలో ఉన్నది మార్కరుతో రాసే తెల్లబోర్డు, పక్కన టచ్ స్క్రీను.

ఆ అమ్మాయి గది ఫొటోలు నాకూ చూపించింది. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. ఒక గోడ నిండా సముద్రం, ఒక గోడ నిండా అడవి, కిటికీకి కాగితం వాన, కప్పు నుంచి గొడుగులు. నా చైత్రం వైశాఖం అడవి పైన, ఫ్యాను పక్కన ఉన్నాయి. అంత ఎత్తున ఉంటే ఆరేళ్ళ పిల్ల ఎలా చదువుతుందమ్మా అన్నాను. “కింద పెడితే చింపేస్తారు అంకుల్,” అంది.

2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక చిన్న పరీక్ష చేశారు. 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు చార్టులతో నిండిన గదిలో, కొన్ని ఉత్తి గోడల గదిలో చెప్పారు. నిండిన గదిలో పిల్లల దృష్టి పాఠం తప్పిన సమయం దాదాపు 39 శాతం, ఉత్తి గదిలో 28 శాతం. పాఠం తర్వాత అడిగిన ప్రశ్నల్లో సరైనవి నిండిన గదిలో 42 శాతం, ఉత్తి గదిలో 55. మరుసటి ఏడాది ఇంగ్లండులో సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం 153 తరగతి గదులు చూసి, గోడను పూర్తిగా బోడిగానూ ఉంచొద్దు, పూర్తిగా నింపనూ వద్దు, కొంత భాగం ఖాళీగా వదలండి అంది. పరీక్ష చిన్నదే, పిల్లలు మన పిల్లలు కారు, నాకు తెలుసు. అయినా ఈ అంకెలు ఆ అమ్మాయికి చెప్పాను. ఆలోచించి, “నాకూ అనిపిస్తుంది. కానీ పక్క క్లాసు టీచరు గోడ నింపి, నేను ఖాళీగా వదిలితే పేరెంట్స్ ఏమంటారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. లాంకాస్టర్ కాలంలో ఆ ప్రశ్న పుట్టే వీలు లేదు. ఆయన గోడకు అట్ట కట్టింది చదవాల్సిన పిల్లల కోసమే.

పోనీ అని కాంప్‌బెల్ కథ చెప్పాను, అరచేతిలో సరస్వతి, రెండోవాడికి సున్నా. దెబ్బల సంగతి తీసేసి. ఆ అమ్మాయికి నచ్చింది. రెండు వారాల తర్వాత లిఫ్టులో కలిసింది. తన క్లాసులో మొదలెట్టిందట. మొదట వచ్చిన పిల్లకు చేతిలో ‘అ’ రాస్తుంది. రెండోవాళ్ళకు సున్నా. చిక్కేమిటంటే పిల్లలు నడిచి రారు, బస్సులో వస్తారు. తలుపు తెరుచుకుంటే ఇరవై మంది ఒకేసారి దిగుతారు. ప్రగతినగర్ బస్సు ఎప్పుడూ ముందే వస్తుంది కాబట్టి ‘అ’ ఎప్పుడూ ప్రగతినగర్‌కే పోతోందని బాచుపల్లి పిల్లలు గొడవ. ఒక తల్లి గ్రూపులో మెసేజు కూడా పెట్టిందట.

“ఇప్పుడేం చేస్తున్నావమ్మా మరి?”

“ఆ గొడవ దానంతటదే తగ్గిపోయింది అంకుల్. ఒకడికి సున్నా చుట్టి, రెండు చుక్కలు పెట్టి, మూతి గీశాను, మొహంలా అయింది. ఇప్పుడు అందరికీ సున్నానే కావాలి. ప్రగతినగర్ వాళ్ళు బస్సు దిగి గుమ్మం బయట నిలబడుతున్నారు, ముందు ఎవరైనా లోపలికి వెళ్తే తామెళ్ళి రెండోవాళ్ళవుదామని.”